పాలిథీను పట్టా: పుట్టుక, పని, చేనిలో మిగులు శేషము

మిరప, టమాట, పుచ్చ, కర్బూజ పైరులు వేయు రైతులలో అనేకులిప్పుడు బోదెలమీద నల్లనిదో వెండిరంగుదో అగు పలుచని పట్టా పరచి, దానికి రంధ్రములు చేసి మొక్కలు నాటుచున్నారు. అంగడిలో దీనిని మల్చింగు షీటందురు. వ్యవసాయ గ్రంథములలో ఆచ్ఛాదనమని పేరు. నాటు మొదలు కోతవరకు దీని గుణములు కంటికి కనబడుచునే యుండును. కోత ముగిసిన పిమ్మట దీని దోషము మట్టిలో దాగి కంటికి కనబడకుండును. కనబడు గుణమును చూచి నేడు వెల చెల్లించుచున్నాము. కనబడని దోషమునకు వెల రేపు మన బిడ్డలు చెల్లింపవలసి రాగూడదు. కావున ఈ పట్టా యెట్టి ద్రవ్యముతో చేయబడినది, పైరునకు ఏమి చేయును, కొనునప్పుడు ఎట్లు పరీక్షింపవలెను, కోత పిదప దాని నేమి చేయవలెను అను సంగతులను సభ్యుల తెలివిడికై ఈ పాఠమున వివరింతుము.

1. పట్టా దేనితో చేయబడినది?

మామిడి, అరటి కాయలు మాగుటకు కారణమగు ఇథిలీను వాయువు పేరు రైతులు వినియేయుందురు. పండునుండి స్వయముగా వెలువడునదియు, మాగబెట్టు గదులలో విడుచునదియు ఆ వాయువే. దాని ఒక్కొక్క అణువునందు రెండు కర్బన పరమాణువులును నాలుగు ఉదజని పరమాణువులును ఉండును. ఈ చిన్న అణువులు వేలకొలది ఒకదాని చేయి యొకటి పట్టుకొని గొలుసుగా కూడినచో పాలిథీను ఏర్పడును. ఇట్లు చిన్న భాగములు పెక్కు కూడి యేర్పడిన దీర్ఘాణువునకు పాలిమరని పేరు.

పాలిమరులు మనకు క్రొత్తవి కావు. ప్రత్తిపోగు, వరిగడ్డి, పట్టుదారము, రబ్బరు మున్నగునవన్నియు ప్రకృతి చేసిన పాలిమరులతో కూడినవే. ఇట్టి పదార్థములు దీర్ఘమైన గొలుసులని 1920లో జర్మను రసాయన శాస్త్రజ్ఞుడు హెర్మను స్టాడింగరు ప్రతిపాదించినప్పుడు తోడి శాస్త్రజ్ఞులు పెక్కు రంగీకరింపలేదు. క్రమముగా ఆయన మాటయే నిలిచెను. 1953లో ఆయనకు నోబెలు బహుమానము లభించెను.

పాలిథీను మాత్రము ఎదురుచూడకయే దొరకినది. 1933 మార్చిలో ఇంగ్లండునందలి విన్నింగ్టనులో ఇంపీరియల్ కెమికల్ ఇండస్ట్రీసువారి ప్రయోగశాలయందు గిబ్సను, ఫాసెట్టు అను నిరువురు ఇథిలీనును మరియొక ద్రవ్యముతో కలిపి, వాతావరణపు ఒత్తిడికి వేయిరెట్లు మించిన ఒత్తిడిలో 170 డిగ్రీల వేడిమికి కాచిరి. వారు కోరిన మార్పు జరుగలేదు. కాని పాత్రను విప్పి చూడగా మైనమువంటి తెల్లని పదార్థము కనబడెను. మరల చేయబోగా ప్రయోగము అదుపు తప్పెను. 1935 డిసెంబరులో పని మరల సఫలమయ్యెను. పాత్రలోనికి తెలియకుండ చేరిన కొంచెపాటి ఆమ్లజనియే గొలుసు కట్టుటను ఆరంభించుచున్నదని అటుపిమ్మట తేలెను. 1939లో వర్తకమునకై ఉత్పత్తి మొదలాయెను. యుద్ధకాలమందు రాడారు యంత్రముల తీగెలకు తొడుగుగా అది ఉపకరించెను.

యుద్ధానంతరము ఈ ద్రవ్యము పొలమునకు వచ్చెను. అమెరికాలోని కెంటకీ విశ్వవిద్యాలయమందు ఉద్యానశాస్త్రాచార్యుడగు ఎమెర్టు 1948లో గాజునకు బదులు ప్లాస్టికు పొర కప్పి మొక్కలకు ఇల్లు నిర్మించెను. 1950 దశాబ్దిలో కూరగాయల మడులపై పాలిథీను పరచు పద్ధతిని గూర్చియు ఆయన పరిశోధించి ప్రకటించెను. నేడు మన బోదెలపైనున్నది ఆ పద్ధతియే.

2. గడ్డి క్రుళ్లును, పట్టా క్రుళ్లదు, ఏల?

వరిగడ్డియు పాలిమరే, పాలిథీనును పాలిమరే. అయినను గడ్డి యొక వర్షాకాలమున మట్టిలో కలిసిపోవును, పట్టా కలియదు. గడ్డియందలి గొలుసులో చక్కెర భాగములు ఆమ్లజని పరమాణువుచేత కూర్పబడియున్నవి. ఆ కూర్పులను ఖండించు కత్తెరల వంటి ద్రవ్యములు మట్టియందలి బూజులకు, సూక్ష్మజీవులకు అనాదినుండి కలవు. పాలిథీను గొలుసునందో, కర్బనమునకు కర్బనమే కూర్పు. దానిని ఖండించు కత్తెర మట్టిజీవులలో లేనట్లే చెప్పవచ్చును. ఈ యొక్క భేదమును మనసున నిలుపుకొన్నచో తరువాతి సంగతులన్నియు సులభముగా బోధపడును.

3. పైరునకు చేయు మేలు

మొదటిది తేమ. ఎండకు బోదెనుండి లేచు ఆవిరి పట్టా అడుగున తగిలి, చుక్కలై తిరిగి మట్టిలోనికే దిగును. కావున నీటితడుల నడుమ ఎడము పెంచవచ్చును. అయితే పైనుండి పడు వానగూడ పట్టా కప్పినంతమేర లోనికి దిగదు. కనుక పట్టా పరచుటకు ముందే బోదెపై బిందుసేద్యపు గొట్టము వేయవలెను. పశువుల యెరువును, అడుగు మందును ముందే కలుపవలెను.

రెండవది కలుపు. వెలుగు చొరని నల్లపట్టా క్రింద కలుపు విత్తనములు మొలచినను బ్రతుకజాలవు. తుంగ మాత్రము ఈ లెక్కకు లోబడదు. దాని వాడి మొలక పట్టాను పొడుచుకొని పైకి వచ్చును. తుంగ మెండుగాగల చేనిలో పట్టా పరచుటకు ముందే దాని గడ్డలను తీసివేయుట మేలు.

మూడవది వేడిమి. నల్లపట్టా ఎండను మ్రింగి మట్టిని వెచ్చబరచును. ఇది చలిదేశములకు వరము. మన వేసవి నాట్లకు కీడు. కాగిన నల్లపట్టా అంచు తగిలినచో లేతకాండము మాడును. అందుచేత ఎండకాలమందు పైన వెండిరంగు, అడుగున నలుపు గల పట్టాయే తగినది. ఏ రంగుదైనను కాండము రంధ్రపు అంచుకు తగులకుండ నాటవలెను.

నాలుగవది పురుగు. వెండిరంగు పట్టా ప్రతిఫలించు వెలుగునకు తామరపురుగు, పేనుబంక, తెల్లదోమ దారి తప్పి మొక్కపై వ్రాలుట తగ్గును. 2021లో నల్లతామరపురుగు ఆంధ్ర, తెలంగాణ మిరపతోటలలో కలిగించిన నష్టమును ఎరిగినవారికి ఈ గుణము విలువ తెలియును. ఐతే పైరు పెరిగి ఆకులు పట్టాను కప్పివేసిన పిమ్మట వెలుగు ప్రతిఫలింపదు; అప్పటినుండి ఈ రక్షణయు సన్నగిల్లును. పట్టా యున్నదని తోటను చూచుట మానరాదు.

ఇదిగాక, రంగులేని పారదర్శకపు పట్టాకు వేరొక పని కలదు. ఇజ్రాయెలు దేశమున కటాన్ అను శాస్త్రజ్ఞుడును, ఆయన తోడివారును 1976లో ప్రకటించిన పద్ధతి ననుసరించి, తడిపిన ఖాళీ నేలపై మండువేసవిలో పారదర్శకపు పట్టాను నాలుగారు వారములు గాలి చొరకుండ కప్పియుంచినచో, లోపలి వేడిమికి తెగుళ్లు కలిగించు బూజులు పెక్కును, కలుపు విత్తనములును నశించును. నారుమడులకు ఇది మిక్కిలి ఉపయోగకరము. పైరుపై పరచుటకు మాత్రము పారదర్శకపు పట్టా పనికిరాదు; దాని క్రింద వెలుగు దొరకి కలుపు విరివిగా పెరుగును.

4. కొనునప్పుడు చేయదగిన లెక్క

పట్టా మందమును మైక్రానులలో చెప్పుదురు. మిల్లీమీటరులో వేయవ వంతు ఒక మైక్రాను. మనదేశమున కూరగాయలకు 25 మైక్రానులు మొదలు 30 మైక్రానులవరకును, పెక్కేండ్లు నిలువవలసిన పండ్లతోటలకు 100 మైక్రానులును వాడుట వాడుక. ఇంత సన్నని మందమును కంటితో కనిపెట్టుట అసాధ్యము. కాని తూనికచేత కనిపెట్టవచ్చును.

పాలిథీను నీటికంటె తేలిక, ఘనసెంటీమీటరు 0.92 గ్రాములు తూగును. కావున 25 మైక్రానుల పట్టా చదరపు మీటరు 23 గ్రాములు తూగవలెను. 400 మీటర్ల నిడివి, 1.2 మీటరు వెడల్పుగల చుట్టయందు 480 చదరపు మీటర్లుండును. 480ని 23 చేత గుణించిన 11,040 గ్రాములు, అనగా సుమారు 11 కిలోలు. 25 మైక్రానులని ముద్రవేసిన అట్టి చుట్ట, లోని గొట్టమును తీసివేసి తూచినప్పుడు 7 కిలోలకు మించనిచో అది 15 మైక్రానుల సరకేగాని వేరు కాదు. రంగుపొడి కలియుటచేత తూనిక కొంచెము హెచ్చవచ్చునుగాని తగ్గుటకు కారణము లేదు.

తూనికను నిలుపుటకై సుద్దపొడి విరివిగా కలిపిన సరకును కలదు. దానికి పరీక్ష సులభము. చిన్న ముక్కను కత్తిరించి, గాలిబుడగలు పోవునట్లు వ్రేళ్లతో రుద్ది, నీటిలో ముంచి విడువవలెను. మంచి పాలిథీను పైకి తేలును. సుద్ద తూనికలో ఎనిమిదవ వంతునకు మించి కలిసినది మునుగును. అట్టి పట్టా త్వరగా పెళుసై చినుగును. సంఘముద్వారా ఉమ్మడిగా కొనునప్పుడు ఈ రెండు పరీక్షలును సభ్యుల యెదుట జరిపి సరకు తీసికొనుట మంచిది.

5. కోత పిదప జరుగునది

సూర్యకాంతియందలి అతినీలలోహిత కిరణములు పాలిథీను గొలుసును అక్కడక్కడ తెంపును. తెగిన చోట ఆమ్లజని చేరి మరికొంత తెంపును. నల్లపొడి ఈ కిరణములను తాను మ్రింగి కొంతకాలము పట్టాను కాచును. అయినను ఒక పైరు ముగియునప్పటికి పట్టా బిరుసెక్కును. పలుచనిదైనచో లాగినంతనే చినుగును. చినిగిన పేలికలపై నాగలి సాగినచో అవి ముక్కలగును, ముక్కలు తునుకలగును, తునుకలు కంటికి కనబడని నలుసులగును. 5 మిల్లీమీటర్లకు లోబడిన నలుసులను శాస్త్రజ్ఞులు సూక్ష్మ ప్లాస్టికులందురు. ముక్కలగుట వేరు, క్రుళ్లుట వేరు. ముక్కలైనంతమాత్రాన ద్రవ్యము పోయినట్లు కాదు. మట్టిలోనికి వెండియు మాఱుమూల చేరినట్లే.

దీనికి నిదర్శనము చైనాదేశము. 1970 దశాబ్ది చివర అక్కడ ఈ పద్ధతి ప్రవేశించి, ప్రత్తి, మొక్కజొన్న, వేరుశనగ పైరులకు విస్తరించెను. వెల తక్కువని 8 మైక్రానులును, అంతకంటె పలుచనివియు వాడిరి. దిగుబడులు పెరిగినమాట నిజము. కాని ఎత్తివేయుటకు వీలుకాని పేలికలు ఏటేట పేరుకొని, ముఖ్యముగా సింకియాంగు ప్రత్తిచేలలో, నీటి నడకకును వేళ్ల నడకకును అడ్డమైనవి. ఆ దేశప్రభుత్వము 2017లో క్రొత్త ప్రమాణము ప్రకటించి, 10 మైక్రానులకు తక్కువగు పట్టాలు చేయరాదని 2018నుండి అమలుపరచెను. పట్టాను ఎత్తుటకు వీలగు మందము ఉండవలెననుటయే దాని ముఖ్యోద్దేశము.

మట్టిలోని నలుసులు వానపాములకు హాని చేయునా యని అడుగువారు కలరు. 2016లో నెదర్లాండ్సునందలి వాగెనింగెను శాస్త్రజ్ఞులు ప్రకటించిన పరిశోధనలో, వానపాములు తిను ఆకుచెత్తలో పాలిథీను నలుసులు నూటికి 28 పాళ్లును, అంతకు మించియు ఉన్నప్పుడు వానపాముల చావులు హెచ్చెను. 7 పాళ్లయందు హెచ్చలేదు. మన చేలయందలి శేషము ఇప్పటికి అంతటిది కాదు. కాని చేరినది తరుగుటకు మార్గము లేదు గనుక, పెరుగుటయే దాని స్వభావమని గ్రహింపవలెను.

కొందరు పట్టాను గట్టుమీద కుప్పవేసి తగులబెట్టుదురు. ఇది కూడదు. దాని పొగ ఊపిరితిత్తులకు చెఱుపు. కరగి గడ్డకట్టిన ముద్ద మరల చేనిలోనే మిగులును. గట్లపై విడిచిన పేలికలను పశువులు మేసినచో అవి కడుపున చిక్కుకొని ప్రాణాపాయము కలిగించును.

6. "మట్టిలో కలిసిపోవు" పట్టాలు

ఈ పేరుతో రెండు విధములైన సరకు అమ్మకమునకు వచ్చును. రెంటికిని భేద మెరుగవలెను.

మొదటి విధము, పాలిథీనుననే కొన్ని లోహలవణములు కలిపి త్వరగా పొడియగునట్లు చేసినది. ఇది శీఘ్రముగా ముక్కలగునే కాని క్రుళ్లునని నమ్మరాదు. ఐరోపా సమాఖ్య ఇట్టి ప్లాస్టికులను 2021 జులైనుండి నిషేధించెను.

రెండవ విధము, గొలుసునందే మట్టిజీవులు ఖండింపగల ఎస్టరు కూర్పులుగల పాలిమరు. పీబీఏటీ అనునది వీనిలో ముఖ్యమైనది. ఇది నిజముగా మట్టిలో ఆహారమగునా యని స్విట్జర్లాండునందలి జ్యూరికు శాస్త్రజ్ఞులు పరీక్షించి 2018లో ప్రకటించిరి. వారు పాలిమరునందలి కర్బనమునకు గురుతుపెట్టి మట్టిలో ఉంచి చూడగా, ఆ గురుతుగల కర్బనము కొంత బొగ్గుపులుసు వాయువుగను, కొంత బూజుపోగుల దేహమునందును కనబడెను. అనగా జీవులు దానిని భుజించినవని రుజువాయెను. ఐరోపా ప్రమాణము ప్రకారము ఇట్టి పట్టా ప్రయోగశాలలోని మట్టియందు 2 సంవత్సరములలోగా నూటికి 90 పాళ్లు వాయువుగా మారవలెను. ఐతే ప్రయోగశాలయందలి మట్టికి తేమ యెల్లప్పుడు నుండును. నీరు లేని వేసవిలో మన చేనిమట్టియందు జీవుల పని నెమ్మదించును. వెలయు పాలిథీనుకంటె హెచ్చు. కావున ప్రమాణపత్రము చూడక, చిన్న మడిలో పరీక్షింపక దీనిని చేనంతటను వేయరాదు.

7. మన కర్తవ్యము

1.8 మీటరు ఎడముతో బోదెలు వేసినచో ఎకరాకు సుమారు 2,250 మీటర్ల పట్టా పట్టును. 1.2 మీటరు వెడల్పుగల 25 మైక్రానుల పట్టా అయినచో దాని తూనిక 62 కిలోలు. కోత పిదప పదింట తొమ్మిదిపాళ్లు ఎత్తివేసినను 6 కిలోలు మట్టిలో నిలుచును. ఏటేట నిట్లు జరిగిన పదేండ్లకు ఒక పట్టా అంతయు చేనిలో పాతిపెట్టినట్లగును. అదే 10 మైక్రానుల పట్టా అయినచో తూనిక 25 కిలోలే, వెలయు తక్కువే. కాని ఎత్తునప్పుడు సగము చినిగి మిగిలినచో 12 కిలోలకు మించి ఒక్క పైరుతోనే మట్టిపాలగును. చౌకసరకు చౌక కాదనుటకు ఇంతకంటె లెక్క అక్కరలేదు.

పట్టాను ఎత్తు క్రమమిది. చివరి కోత కాగానే, ఇంకొక వేసవి యెండ తగులకముందే పని ముగింపవలెను. మొక్కలను మొదట నరికి తీసి, బిందుగొట్టములను చుట్టిపెట్టవలెను. మట్టి కొంచెము పదునుగా నున్నప్పుడు పారతో అంచులమట్టి తీసి, ఇరువురు చెరియొక ప్రక్క పట్టుకొని మెల్లగా లేవనెత్తవలెను. మన్ను దులిపి, నీడన ఆరబెట్టి, చుట్టలు చుట్టవలెను. పట్టా ఎత్తక ముందు నాగలి కట్టరాదు.

ఒక్క రైతు పట్టాను కొనుటకు పాతసామానుల వర్తకుడు దూరమునుండి రాడు. మన్ను అంటినదానికి వెలయు రాదు. ఊరి సభ్యులందరి పట్టా ఒకచోట చేర్చినచో, కరగించి మరల సామానులు చేయు కర్మాగారములవారితో సంఘమే బేరము కుదుర్చుకొనవచ్చును. సహకారమునకు ఇంతకంటె తగిన పని అరుదు.

ప్రతి సభ్యుడును తన చేనికి వేసిన తూనికను, ఎత్తిన తూనికను సంఘపు పుస్తకమున వ్రాయించుట మేలు. ఎత్తినదానిలో మన్ను ఎంతయో తెలియుటకు ఒక కిలోను కడిగి, ఆరబెట్టి, మరల తూచిన చాలును. ఆ పాళ్లచొప్పున మొత్తమును తగ్గించి, వేసినదానినుండి తీసివేయగా మిగిలినదే మట్టికి మనము పడిన ఋణము.

చెరకుచెత్త, వేరుశనగ పొట్టు, ఎండుటాకులు దొరకుచోట అవియు ఆచ్ఛాదనములే. మూడంగుళముల మందమున పరచినచో తేమను నిలిపి, కలుపును తగ్గించి, తుదకు ఎరువగును. పశువుల మేతకు చాలని గడ్డిని ఇందుకు వాడుమని చెప్పము. చెదపట్టు నేలలలో జాగ్రత్త వలయును. రాబడి హెచ్చుగల పైరులకు పట్టాయు, పండ్లచెట్ల పాదులకు చెత్తయు అను నియమము పెక్కురకు అనుకూలించును.

పాలిథీను చెడ్డదని ఈ పాఠము చెప్పలేదు. నీరు కొరవడిన మెట్టసీమకు అది నిజముగా సాయపడు వస్తువు. అద్దెకు తెచ్చిన పనిముట్టును పని తీరగానే తిరిగి ఒప్పగించునట్లు, పైరు తీరగానే దానిని చేనినుండి వెలికి తెచ్చుట మన విధి.

సభలో చర్చింపదగిన ప్రశ్నలు

1. మన గ్రామమున ఈ యేడు ఎన్ని ఎకరములకు పట్టా వేయబడినది? దాని తూనిక యెంత?
2. వరిగడ్డి మట్టిలో కలియుటకును, పాలిథీను కలియకుండుటకును కారణమేమి?
3. 400 మీటర్ల నిడివి, 1 మీటరు వెడల్పు, 30 మైక్రానుల మందముగల చుట్ట ఎన్ని కిలోలు తూగవలెను?
4. ఎత్తిన పట్టాను చేర్చుటకు సంఘపు గిడ్డంగిలో చోటు కేటాయింపవచ్చునా?